కొక్కెం లేని నమూనా

మధ్యాహ్నం మూడు కావస్తోంది. ఆమె కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోతోంది. లేస్తుంది, సీసాలో మంచినీళ్లు నింపుకొస్తుంది, తాగకుండానే పక్కన పెట్టేస్తుంది. ల్యాబ్ కంప్యూటర్ తెర మీద లెక్క ఇంకా డెబ్బై శాతం దగ్గరే ఉంది.

మనిషి శ్వాసనాళాల లోపల, కణాల మీద, కంటికి ఆనని నూగు ఉంటుంది. సీలియా అంటారు. దుమ్మునీ కఫాన్నీ పైకి తోసేది అదే. ఆ నూగు పెరగాలంటే కొన్ని ప్రోటీన్లు రైలుపెట్టెల్లా వరసకట్టి మొన దాకా సామాను మోయాలి. ఒక పెట్టె ఇంకోదాన్ని పట్టుకునే చోట చిన్న కొక్కెం ఉందని ఆమె నాలుగేళ్లుగా నమ్ముతోంది. తమ్ముడి జన్యువులో తప్పు సరిగ్గా అక్కడే పడింది. పుట్టినప్పటినుంచీ వాడు దగ్గుతూనే ఉన్నాడు. పోయిన నెల కొక్కెం తెర మీద తేలగానే, ఆగలేక వాడికి ఫోన్ చేసి చెప్పేసింది.

పొద్దున చాదస్తం వచ్చి అంతా కెలికాడు. పక్క బల్ల సీనియర్‌కి ల్యాబంతా కలిసి పెట్టిన పేరది.

"అమ్మాయ్, గడ్డకట్టించిన ప్రోటీన్ల ఫొటోలు లక్షలున్నాయి కదా, అందులోంచి ఏరమని కంప్యూటర్‌కి ఏ నమూనా ఇచ్చావ్?"

"పాతదే. నేను కట్టింది."

"కొక్కెంతో సహానా?"

ఆమె తలూపింది.

"ఇంకేం! నీ ముక్కు ఫొటో ఇచ్చి ఇసకలో వెతకమంటే నీ ముక్కే దొరుకుతుంది. కొక్కెం తీసేసి మళ్లీ ఏరించు. నిజంగా ఉంటే దానంతటదే వస్తుంది."

"సాయంత్రం జర్నల్‌కి పేపర్ పంపాలి."

"అయితే పంపెయ్. నేను చూడలేదనుకో."

ఆ మాటే ఆమెను నిలవనివ్వలేదు. కొక్కెం తీసేసి లెక్క మళ్లీ మొదలుపెట్టింది. చిన్నప్పుడు పక్క మంచం మీద తమ్ముడు దగ్గుతుంటే, తనకు ఊపిరి హాయిగా ఆడుతున్నందుకు సిగ్గుపడేది. ఆ సిగ్గే ఇన్నాళ్లకు తెర మీద ఆకారం కట్టిందా?

లెక్క పూర్తయింది. ఆకారాన్ని అటూ ఇటూ తిప్పింది. పెట్టె, పెట్టె, మధ్యలో ఖాళీ. పలచటివి కూడా కనబడేలా మీట కాస్త జరిపింది. మసక మరకలు లేచాయి. ఇంకా జరిపితే కొక్కెమే కాదు, ఏనుగు కూడా కనబడేలా ఉంది. చెయ్యి వెనక్కి తీసుకుంది.

ప్రొఫెసర్ తలుపు దగ్గర నిలబడి, "పంపేశావా?" అంది.

"లేదు మేడమ్. కొక్కెం నేనిచ్చిందే నాకు తిరిగొచ్చింది."

ప్రొఫెసర్ తెర వంక చాలాసేపు చూసి, "రేపు కూర్చుందాం," అని వెళ్లిపోయింది.

ఆమె వరండాలోకి వచ్చి ఫోన్ తీసింది.

"ఒరేయ్, నేను చెప్పింది తప్పురా. కొక్కెం ఉందనడానికి ఆధారం లేదు."

అటునుంచి దగ్గు. తగ్గేదాకా ఆగింది.

"అదేంటక్కా! డాక్టర్‌కి బొమ్మ గీసి మరీ చూపించాను."

"పొరపాటు నాదే."

"మరైతే నాకున్నదేంటి?"

"తెలీదురా."

ఆ మాట వాడితో ఆమె ఎన్నడూ అనలేదు.

"డాక్టర్‌కి నువ్వే చెప్పుకో. నావల్ల కాదు. నంబర్ రాసుకో," అన్నాడు.

ఆమె ఫోన్ చెవికి ఆనించుకునే లోపలికి పరుగెత్తి, కలం కోసం బల్లంతా తడుముకుంది.