ల్యాబ్ పాస్‌వర్డ్

మా డొమినికన్ రిపబ్లిక్ పేటల్లో వైఫై పాస్‌వర్డ్ అడిగితే చెప్పకపోవడం, గుమ్మంలోకొచ్చిన మనిషికి మంచినీళ్లు లేవనడంతో సమానం. ఆ మర్యాద చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

పేటంతా గౌరవంగా డోన్యా అని పిలిచే ఎనేయిదాది రక్తపరీక్షల ల్యాబ్. పాస్‌వర్డ్ అల్తాగ్రాసియా మాత పేరు, పక్కన ఇరవై ఒకటి, మాత పండగ తేదీ. ఊళ్లో సగం దుకాణాలది అదే. రోగుల ఫలితాలున్న కంప్యూటరూ ఆ వైఫై మీదే. ఎదురు కొట్టు ముందు డొమినోలాడే వెధవెవడో ఆ ఫైళ్లు తెరిచాడు. బట్టలు కుట్టే యోకాస్తాకు హెచ్‌ఐవీ అని పేటంతా పాకింది. అది తొలి పరీక్షే, ఇంకా ఖాయం కాలేదు. అయినా గౌన్లు కుట్టడానికిచ్చినవాళ్లు వెనక్కి పట్టుకుపోయారు.

రెండేళ్ల కిందట ఆ రూటర్ బిగించింది నేనే. "మాత పేరే పెట్టు నాయనా" అని డోన్యా అంటే, భోజనం వేళైందని తలూపి పెట్టేశాను. తలచుకుంటే నా మీద నాకే అసహ్యం.

మొన్న శనివారం మళ్లీ వెళ్లాను. యోకాస్తా రెండో పరీక్షకొచ్చి కూర్చుంది. ఆమెకు రెండువైపులా కుర్చీలు ఖాళీ. నిలబడ్డవాళ్లు నిలబడే ఉన్నారు. థూ!

వైఫైని రెండుగా విడదీశాను. "డోన్యా, ఇది వచ్చేపోయేవాళ్లకి, కాస్త నెమ్మది. ఇది ల్యాబ్‌ది. ఎవరికీ చెప్పకండి."

"నా నోట్లో నువ్వుగింజ నానదనుకున్నావా రదామేస్?" అంటూ రాసుకుంది.

ఆవిడ యోకాస్తా చేతికి రబ్బరు పట్టీ కడుతుండగా ఎదురు కొట్టు ముందు నుంచి కేక. "డోన్యా, నెట్ పోయింది! ఆఖరి ఇన్నింగ్స్!"

"గోల చేయకండ్రా, చెప్తున్నా!" కిటికీలోంచి ఒక్కో అక్షరం గట్టిగా చదివింది. ల్యాబ్‌ది.

"డోన్యా! వాళ్లకివ్వాల్సింది అది కాదు!"

"రెండోది నెమ్మదన్నావుగా? పాపం, బేస్‌బాల్ చూసుకుంటున్నారు."

యోకాస్తా పట్టీ విప్పి బల్ల మీద పెట్టింది.

"కూర్చోమ్మా, ఇంకా సూదే గుచ్చలేదు."

"వద్దులెండి డోన్యా. ఇక్కడైతే ముందు వాళ్లకి తెలుస్తుంది, తర్వాత నాకు."

వెళ్లిపోయింది. నేను పాస్‌వర్డ్ మళ్లీ మార్చి, కంప్యూటర్లో నేనే కొట్టి, సంచి సర్దుకున్నాను.

"నాకు చెప్పవా?"

"చెప్పను."

"ఇంత మర్యాద లేనివాడివనుకోలేదు," అంది డోన్యా.

నిలబడ్డవాళ్లు అవునన్నట్టు తలలూపారు. యోకాస్తా లేచిన కుర్చీలో మాత్రం ఎవరూ కూర్చోలేదు.