పద్నాలుగో నంబరింటి వంతు

ఎజ్రా తొమ్మిదో బావి దగ్గరికి వచ్చేసరికి ఎండ ఇంకా ఎక్కలేదు, అయినా ఒళ్ళంతా చెమట. బకెట్లో నాలుగు గుప్పిళ్ళ బ్లీచింగు పౌడరు వేసి, కాసిని నీళ్ళు పోసి, కర్రతో ముద్దలా కలిపాడు. మళ్ళీ నీళ్ళు నింపి, సున్నం అడుక్కి దిగేదాకా గట్టు పక్కన గొంతుక్కూర్చున్నాడు. పైన తేరిన నీటిని రెండో బకెట్లోకి వంచి, తాడు కట్టి బావిలోకి దించి, కిందికీ పైకీ ఆడించాడు. బకెట్లూ తాడూ కాలనీ సంఘంవాళ్ళవి. కాలనీలో ఏ ఇంటి చేదనూ అతను ముట్టుకోడు. ముట్టుకోమని ఎవరూ అననూ లేదు.

తెనాలి శివార్లలో ఆ కాలనీ లేచి మూడేళ్ళు. అంతకుముందు అది వానొస్తే మోకాటిలోతు నీళ్ళు నిలిచే మాగాణి. ఇళ్ళ స్థలాల సంఘంవాళ్ళు కొని మెరక తోలించారు. పైన జానెడు మట్టి, కింద మిల్లుల ఊక, ఊరి చెత్త. తోలిన కూలీల్లో ఎజ్రా ఒకడు కాబట్టి ఏ ఇంటి కింద ఏముందో ఇంటివాళ్ళకన్నా అతనికే బాగా తెలుసు. కుళాయిలు ఇంకా రాలేదు. ఎవరి బావి వాళ్ళు తవ్వుకున్నారు, దాని పక్కనే ఎవరి మరుగుదొడ్డి గొయ్యి వాళ్ళు తవ్వుకున్నారు. రెంటికీ మధ్య యాభై అడుగులుండాలని ప్లానులో రాసి ఉంది. స్థలమే నలభై అడుగులైతే యాభై ఎక్కణ్ణుంచి తెస్తారు పాపం! అరవై తొమ్మిది గాలివానకు గోతులూ బావులూ ఏకమయ్యాక సంఘం సెక్రటరీ పూర్ణచంద్రరావు ఎజ్రాని పిలిచి ఈ పని అప్పజెప్పాడు. వారానికోసారి ప్రతి బావికీ మందు పడాలి. ఏడాదయింది. ఒక్క వారం తప్పలేదు.

పదేళ్ళప్పుడు కాలవ పూడికతీతలో తట్ట ఎత్తిన మనిషి. ఇప్పుడు యాభై రెండు. మొదట పుట్టిన కొడుకు వాంతులూ విరేచనాలతో ఒక్క పూటలో పోతే, మట్టి చేసి వచ్చి మర్నాడు మామూలుగా పనిలోకి వెళ్ళాడు. ఏడుపు రాలేదు. ఎందుకు రాలేదో అతనికీ తెలియదు. తర్వాత పుట్టిన కూతురు రిబ్కాని కర్లపాలెం ఇచ్చారు. ఇదేం మనిషని భార్య కృపమ్మ కొన్నాళ్ళు అడిగి అడిగి మానేసింది.

ఈ మధ్య మళ్ళీ మొదలుపెట్టింది. పక్కూరు నందివెలుగులో ఇద్దరు కలరాతో పోయారని తెలిసిన దగ్గర్నుంచీ ఒకటే పోరు. ఎజ్రావాళ్ళ పేటకంతటికీ ఒకటే బావి, దాన్ని ఆనుకునే మురుక్కాలవ. కాస్త మందు తెచ్చి అందులో వెయ్యమంటుంది. అది సంఘంవాళ్ళదని ఎజ్రా అంటాడు. మాట అక్కడితో సరి. అంతమంది ప్రాణాలు ఒక్క బావిలో ఉన్నాయని తెలియక కాదు, చెయ్యి రాక.

ఇవాళ తెల్లారకముందే రెండుసార్లు చెంబు పట్టుకెళ్ళాడు. పన్నెండో బావి దగ్గర మళ్ళీ పరుగు తీయాల్సి వచ్చింది. పిక్కలు పట్టేశాయి. అయినా పదమూడు పూర్తిచేసి, పద్నాలుగో నంబరింటి పెరట్లోకి వెళ్ళి, డబ్బాలోంచి నాలుగు గుప్పిళ్ళు తీసి బకెట్లో వేశాడు. అప్పుడే ఇంటావిడ వెంకటరత్నమ్మ వసారాలోకి వచ్చి ఆగమంది.

“ఇక మా బావికి వద్దులే ఎజ్రా. ఏడాదిగా నువ్విట్టా పోసి వెళ్ళగానే నలభై చేదలు తోడించి కొబ్బరిచెట్లకి పోయిస్తన్నా. నువ్వు చెయ్యి పెట్టిన నీళ్ళు దేవుడి దగ్గరికి పనికిరావు గదా. నీకూ శ్రమ, మాకూ శ్రమ.”

ఆవిడ గొంతులో కోపం లేదు. నిజంగానే అతని శ్రమ తగ్గిద్దామనుకుంది, మహాతల్లి!

“గొయ్యి పదిహేనడుగుల్లో ఉందండి అమ్మగారూ,” అన్నాడు ఎజ్రా.

“మా గొయ్యేగా,” అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

కొబ్బరిచెట్ల వంక చూశాడు. ఏపుగా ఉన్నాయి. కోపం రావలసిన చోటది. రాలేదు. బకెట్లో పౌడరు ఇంకా తడవలేదు. దాన్ని తిరిగి డబ్బాలో పోయాలి. ఎజ్రా తలగుడ్డ విప్పి పరిచి, బకెట్ అందులోకి బోర్లించి మూట కట్టాడు. డబ్బా, తాడు, రెండు బకెట్లూ ఎత్తుకుని బయటపడ్డాడు.

ఇంటికి మైలు దూరం. దారిలో మూడుచోట్ల కూలబడ్డాడు. పేట బావి దగ్గర ఆ మూట విప్పుతుంటే కృపమ్మ పరిగెత్తుకొచ్చింది. మొహం చూసి లోపలికి రమ్మంది. అతను వినకుండా కలిపాడు, తేర్చాడు, దించి ఆడించాడు. “గంటదాకా ఎవురూ తోడమాకండి,” అని మాత్రం అన్నాడు.

నలుగురు పట్టుకుని ఇంట్లోకి తీసుకెళ్ళి కుక్కిమంచం మీద పడుకోబెట్టారు. కళ్ళు గుంటలు పడ్డాయి. ఇంట్లో నీళ్ళు మందు పడకముందు పొద్దుట తోడినవి, వాటిని ఎజ్రా తనకు ఇవ్వనివ్వలేదు, ఇంకెవర్నీ తాగనివ్వలేదు. పక్కింటి ప్రభుదాస్ ఆస్పత్రికి తీసుకెళ్దామని జట్కా కోసం బజారుకి పరిగెత్తాడు. బావి దగ్గర ఆడవాళ్ళు వాసనని ముక్కులు మూసుకుని, అన్నం ఎట్టా వండాలని సణుక్కున్నారు. కృపమ్మ రెండు చేతులూ చాపి చేదకి అడ్డంగా నిలబడింది. ఇంట్లో మొగుడు అట్లా ఉంటే ఆ గంటసేపూ ఎట్లా నిలబడిందో ఆవిడకే తెలియాలి.

గంట కాగానే మొదటి చేద తోడి, సత్తుగ్లాసు నిండా తెచ్చి అతని నోటి దగ్గర పెట్టింది. ఎజ్రా తాగలేదు. వాసన చూశాడు.

“తాగయ్యా.”

“మందు వాసనొస్తంది. ఇంకేం భయం లేదు. ముందు పేటలో పిల్లల్ని తాగమను.”

గ్లాసు పక్కన పెట్టమని సైగ చేశాడు. ఆవిడ దానికి మూత పెట్టి, పిల్లల్ని కేకేసి వచ్చేసరికి, దీపాలవేళ ఇంకా కాలేదు, అతనికి ఊపిరి లేదు. జట్కా మలుపు తిరుగుతున్న చప్పుడు వినపడుతూనే ఉంది.

మర్నాడు మట్టి చేసి వచ్చారు. సంఘంవాళ్ళ మనిషి వచ్చి బకెట్లూ తాడూ డబ్బా పట్టుకెళ్ళాడు. రిబ్కా కర్లపాలెం నుంచి వచ్చి ఇల్లంతా కడిగింది. ఆ నెలలో పేటలో ఇంకెవరికీ జబ్బు రాలేదు.

కుక్కిమంచం తీసేసిన చోట, గోడవార, మూత పెట్టిన సత్తుగ్లాసు నిండా నీళ్ళతో అలాగే ఉంది.