గుమ్మం బయట అయిదో నంబరు జత

తాళం కొత్తది. ఛైర్మన్ దాన్ని నర్సమ్మ బల్ల మీద ఠక్కున పెట్టి, పక్కనే కమిటీ తీర్మానం పరిచాడు.

"ఈ గది ఇవాళ్టితో బంద్. పెళ్లికాని పిల్లలకి ఆసుపత్రిలో ఈ పాఠాలేంటి? ఊరు మా మొహాన ఉమ్ముతోంది."

ఆయనకి బజార్లో పెద్ద చెప్పుల షాపుంది. ఆసుపత్రి కమిటీ పెత్తనం దొరికినప్పటి నుంచి ఊరు వెనకాల 'చెప్పుల ఛైర్మన్' అంటుంది, ఎదురుగా మాత్రం నమస్కారం పెడుతుంది. వెంట ఇద్దరు సభ్యులు వచ్చారు, సాక్షులుగా.

నర్సమ్మ తీర్మానం వైపు చూడలేదు. ప్రాణమంతా వెనకున్న పచ్చ తెర మీదే ఉంది. తెర వెనక మంచం మీద డిగ్రీ చదివే అమ్మాయి. ఇరవై రోజులుగా నెలసరి ఆగడం లేదు. ఎవరికి చెప్పుకోవాలో తెలియక, ఆడపిల్లల బాధలు గుట్టుగా విని మందిచ్చే ఈ గదికి వచ్చి, అరగంట క్రితం గుమ్మంలోనే కళ్లు తిరిగి పడిపోయింది. పరీక్షకి రక్తం పంపారు, ఫలితం ఇంకా రాలేదు.

ఆ అమ్మాయి ఈ ఛైర్మన్ కూతురే.

"రిజిస్టర్ తియ్యి."

తీసింది. నంబరు, వయసు, ఇచ్చిన మందు. అంతే.

"పేర్లేవి?"

"పేరు అడిగితే ఎవరూ రారు సార్. అందుకే నంబరు."

"జైల్లో దొంగలకీ నంబర్లే ఇస్తారు," అన్నాడు ఒక సభ్యుడు. రెండో ఆయన కిసుక్కున నవ్వాడు.

"బ్యాంకులో మీకూ ఇస్తారు కదండీ."

నవ్వు ఆగిపోయింది.

"నోరు బాగానే లేస్తోంది," అన్నాడు ఛైర్మన్. "పేర్లు నువ్వు చెప్పక్కర్లేదమ్మా. ముప్పై ఏళ్లుగా ఈ ఊరి కాళ్లు పట్టుకుని బతికినవాణ్ని. అరిగిన మడమ చూస్తే మనిషెవరో తెలిసిపోతుంది." గుమ్మం బయటికి నడిచాడు.

నర్సమ్మకి అప్పుడు గుర్తొచ్చాయి గుమ్మంలోని చెప్పులు. ఎవరొచ్చినా ముందు వాళ్ల చెప్పులు సంచిలో వేసి మంచం కిందికి తోసేస్తుంది. దారిన పోయేవాళ్లకి గుమ్మం ఖాళీగా కనబడాలి. మూడేళ్లలో ఒక్కసారి కూడా మరిచిపోలేదు. ఇవాళ పిల్లని లోపలికి మోసుకొచ్చే కంగారులో మరిచిపోయింది.

ఆయన వంగి జత చేతిలోకి తీసుకున్నాడు.

"అవి నావి," అంది నర్సమ్మ, వెనకాలే వచ్చి.

"నీది ఎనిమిదో నంబరు. ఇది అయిదు. నాకా చెబు..."

మాట అక్కడే తెగిపోయింది. ఎడమ పట్టీకి నల్లదారంతో వేసిన అడ్డకుట్టు మీద ఆయన బొటనవేలు ఆగింది. తన చేతి కుట్టు తనకి తెలియకపోదు.

"ఎవరివండీ?" సభ్యులిద్దరూ మెడలు చాచారు.

నర్సమ్మ ఇక ఆలోచించలేదు. "గదికి తాళం వెయ్యాలంటే లోపలి వాళ్లు బయటికి రావాలి కదా సార్. సాక్షులూ ఉన్నారు. తెర తియ్యమంటారా?"

ప్రాణం పోయినా ఆమె ఆ తెర తియ్యదు. ఆ సంగతి ఆయనకి తెలియదు, అంతే.

"వద్దు," అన్నాడు. "ఎవరివో, పాతవి. తాళం వచ్చే బుధవారం వేద్దాం. డాక్టరు సంతకం కావాలి."

"నిన్న అక్కర్లేదన్నారు కదా?" అన్నాడు ఒక సభ్యుడు.

"పదండి అంటున్నానా."

చెప్పులు కింద పెట్టి, నర్సమ్మ చెవి దగ్గర పళ్లు కొరికాడు. "దాన్ని ఇంటికి రానీ. తర్వాత నీ పని."

వాళ్లు వీధి మలుపు తిరిగేసరికి ల్యాబు కాగితం వచ్చింది. హిమోగ్లోబిన్ ఆరు. డాక్టరమ్మతో మాట్లాడి నర్సమ్మ తెర వెనక్కి వెళ్లింది.

"ఇవాళ ఇంటికి పంపనమ్మా. వార్డులో రక్తం ఎక్కించాలి. ఇంట్లో ఎవరికైనా చెప్పాలా? నువ్వు వద్దంటే ఎవరికీ చెప్పను."

"అంతా విన్నాను సిస్టర్. నా ఫోన్ ఇవ్వండి."

తండ్రి రెండో రింగుకే ఎత్తాడు.

"ఏ మొహం పెట్టుకుని చేశావే?"

"ఇరవై రోజులుగా నెత్తురు పోతోంది నాన్నా. ఇంట్లో ఆ మాటెత్తితే నువ్వు కంచం ముందు నుంచి లేచి వెళ్లిపోయావు. ఇక్కడ ఎవరూ లేచి వెళ్లలేదు."

"వచ్చే బుధవారం ఆ గదికి తాళం పడుతుంది."

"వెయ్యి. ఆ పూట అవే చెప్పులేసుకుని వచ్చి బెంచీ మీద కూర్చుంటాను. సాక్షుల్నీ తీసుకురా."

ఫోన్ కట్ అయింది.

ఆయన తాళం బల్ల మీదే మరిచిపోయాడు. నర్సమ్మ దాన్ని సొరుగులో పడేసి, సంచి పట్టుకుని చెప్పుల కోసం గుమ్మం వైపు నడిచింది.

"అక్కడే ఉండనివ్వండి సిస్టర్," అంది అమ్మాయి.