కింది ఓవెన్‌లో పన్నెండు సీసాలు

మొదటి సీసా పేలినప్పుడు నేను హాల్లో కూర్చుని మనవరాలు ఆద్య సాక్సులు మడత పెడుతున్నాను. ఎవరో తలుపు తన్నినట్టు వంటింట్లోంచి చప్పుడు వచ్చింది. ఏమిటని ఆలోచించాల్సిన పని లేకపోయింది. వాటిని అక్కడ పెట్టింది నేనే.

మా అల్లుడు జితేందర్ ఇంట్లోనే బీరు కాస్తాడు. ఈసారిది, పూర్వం ఏదో దేశంలో రైతులు పొలం పనివాళ్ళ కోసం కాచుకున్న రకమట. బాత్రూం పక్క అల్మరాలో బకెట్‌లో పులియబెట్టాడు. వారం రోజులు బుడగలొచ్చి ఆగిపోయాయి. పులవడం అయిపోయిందనుకుని సీసాల్లో నింపి మూతలు బిగించేశాడు. పది రోజులయ్యాక ఒకటి తెరిస్తే బుస్సుమననే లేదు.

"బెంటన్‌విల్ చలికి ఈస్ట్ పండుకుంది అత్తమ్మా," అన్నాడు దిగులుగా.

చలికాలం దోశ పిండి పులవకపోతే ఇక్కడ అమెరికాలో మేమంతా చేసేది ఒకటే. ఓవెన్ వేడి చెయ్యకుండా, లోపలి లైటు మాత్రం వేసి, పిండి గిన్నె పెట్టి తలుపు మూస్తాం. ఆ బల్బు వెచ్చదనానికే పిండి పొంగుతుంది. అంతకు రెండు రోజుల ముందు సాయంత్రం, అల్లుడు సంతోషిస్తాడని, మిగిలిన పన్నెండు సీసాలూ ఒకదాని మీద ఒకటి ఉన్న రెండు ఓవెన్లలో ఎవరూ వాడని కింది ఓవెన్‌లో పేర్చాను. లైటు వేసి, అతనికి ముందే తెలియకూడదని వెలుగు కనపడకుండా తలుపుకి తువ్వాలు వేలాడదీశాను. గిన్నె మూత పిండి పొంగితే లేస్తుంది, బిగించిన సీసా మూత లేవదు. అది నాకు తట్టలేదు.

టీచర్లకి ట్రైనింగ్ అని ఆ రోజు ఆద్యకి సెలవు, తన గదిలో ఆడుకుంటోంది. కూతురు భవిత, అల్లుడు ఆఫీసులో ఉన్నారు. జితేందర్‌కి ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పాను. అవతల కుర్చీ వెనక్కి జరిగింది.

"ఓవెన్ తెరవకండి అత్తమ్మా. మిగతావి కూడా పేలుతయి. గాజు పెంకులు ఎగుర్తయి. ఆద్యని తీస్కొని బయటికి పోండి. నేను స్టార్ట్ అయిన."

లేచి వంటింటి గుమ్మం దగ్గరికి వెళ్ళాను. ఆద్య అప్పటికే ఓవెన్ ముందు కూర్చుని ఉంది. తువ్వాలు లాగేసి, లోపలివైపు బీరు చుక్కలు కారుతున్న అద్దానికి ముక్కు ఆనించింది. ఒక చెయ్యి పిడి మీద ఉంది.

"అమ్మమ్మా, లోపల రెయిన్ పడుతుంది!"

నా పెద్ద కూతురు ఆస్పత్రి మంచం మీంచి "మంచినీళ్ళు" అంది. తెచ్చేసరికి లేదు. మా ఆయన బస్సెక్కుతూ "గొడుగు వద్దులే" అన్నారు, తిరిగి రాలేదు. నాకు మిగిలినవన్నీ అలాంటి ఆఖరి మాటలే. ఇప్పుడు వాన అంటోంది ఇది.

అరిస్తే ఉలిక్కిపడి పిడి లాగుతుంది. మెల్లగా పిలిచాను.

"ఆద్యా, కళ్ళు తిరుగుతున్నాయమ్మా. వచ్చి చెయ్యి పట్టుకో."

"ఒక్క సెకన్. ఓపెన్ చేసి చూస్తా."

పిడి కదిలింది. నేను గుమ్మంలోనే కూలబడ్డాను.

"ఫెయింట్ అవుతున్నావా?" అంటూ పరుగెత్తుకొచ్చింది.

"అవుతానేమో. గాలి కావాలి. బయటికి తీసుకుపో."

వీధి తలుపు చేరేలోగా రెండోది పేలింది. ఈసారి గాజు వంటింటి నేల మీద రాలడం వినపడింది. ఆద్య వెనక్కి తిరగబోతే ఈడ్చుకుంటూ బయటికొచ్చాను. కోటు లేదు, కాళ్ళకి చెప్పుల్లేవు. నా శాలువా దానికి చుట్టాను.

జితేందర్ కారు అడ్డదిడ్డంగా ఆపి గ్యారేజ్‌లోకి పరుగెత్తబోతే చొక్కా పట్టుకున్నాను.

"వెళ్ళకు బాబూ!"

"లోపలికి కాదు అత్తమ్మా. బ్రేకర్ ఇక్కడనే ఉంది, కరెంట్ బంద్ చేస్త."

చేసి వచ్చాడు. "చల్లారేదాకా ఇంట్లకి పోవద్దు. దోశలు పోస్తరనుకున్న గానీ, బాంబులు చేస్తరనుకోలే మీరు," అన్నాడు నవ్వుతూ. నవ్వు నిలవలేదు. ఆద్య ముఖం రెండు చేతుల్లోకి తీసుకుని, నుదురు, కళ్ళు, ముక్కు వేలితో తడిమి చూశాడు.

కార్లో హీటర్ వేసుకుని కూర్చున్నాం. ఇంట్లో మరొకటి పేలింది.

"అమ్మమ్మా, చెయ్యి వదులు. హర్ట్ అవుతుంది," అంది ఆద్య.

వదిలాను. కాసేపయ్యాక, అది కిటికీలోంచి చూస్తున్నప్పుడు, దాని గౌను అంచు పిడికిట్లోకి తీసుకున్నాను.