వేటకి వెళ్ళిన మనిషి

“ఓటీపీ వచ్చిందేటి? బేగి సెప్పు, గ్యాసోడు గుమ్మంలో ఉన్నాడంట.”

నేనిక్కడికి వచ్చినప్పటి నుంచీ మా ఆయన ఉమాశంకర్ నాతో మొదలుపెట్టే మాట ఇదే, లేదా ఇలాంటిదే. నేను బోర్నియో అడవిలో, చెట్ల తలలు దాటి పైకి లేచిన ఇనప టవర్ మీద ఆయాసపడుతూ నిలబడి ఉంటాను. మా పరిశోధనా కేంద్రం మొత్తానికి ఫోను పలికే చోటు అదొక్కటే. నూట అరవై రెండు మెట్లు. మిగతావాళ్ళు పక్షుల్ని చూడ్డానికి తెల్లవారుతూనే ఎక్కుతారు. నేను పట్టపగలు పన్నెండున్నరకి, వాగులో పని వదిలేసి, తడి బట్టలతో ఎక్కుతాను. అప్పటికి శ్రీకాకుళంలో పది గంటలు. గ్యాసు, కరెంటు బిల్లు, మా పాప అమ్మడి స్కూలు యాప్, చివరికి నా విమానం టికెట్, అన్నీ నా నంబరు మీదే ఉన్నాయి. ఇంటి యజమాని మాత్రం ఆయన. బయల్దేరే ముందు నా ఫోనుకి రోమింగ్ వేయించినప్పుడు నా మీద బెంగ కాబోలనుకుని మురిసిపోయాను కూడా. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

నేను ఓ డిగ్రీ కాలేజీలో కాంట్రాక్టు జువాలజీ లెక్చరర్ని. అడవి వాగుల్లో చేపల మీద ఎనిమిది వారాల శిక్షణకి ఎంపికయ్యానని మెయిల్ వచ్చినప్పుడు స్టాఫ్ రూములో దాన్ని నాలుగుసార్లు చదువుకున్నాను. ఎనిమిది వారాలూ పూర్తిచేస్తేనే సర్టిఫికెట్ ఇస్తారు, అదుంటేనే యూనివర్సిటీలో పీహెచ్‌డీ సీటు. ఒక్క వారం తగ్గినా రెండూ లేవు. మా ప్రిన్సిపాల్ కాగితం అటూ ఇటూ తిప్పి, “మరి ఇంట్లో వంటెవరు చేస్తారమ్మా?” అని నవ్వాడు. మా అత్త గౌరి నవ్వను కూడా లేదు. “సేపల్ని సూడ్డానికి ఇమానం ఎక్కాలేటి? మీ అమ్మ గంపలో లేవా?” అంది. అత్తవాళ్ళదీ సముద్రపొడ్డే. ఆవిడ అత్త కూడా గంప మోసిన మనిషే. కానీ టౌనుకొచ్చి, కొడుక్కి ఆఫీసు ఉద్యోగం వచ్చాక ఆ ఊసు ఎత్తకూడదు. మా అమ్మ మరిడమ్మ చేపలమ్ముకుని మా ఇంటికొస్తే గంప గేటు బయటే దించాలి, తను పెరట్లో కూర్చోవాలి. తాగిన గ్లాసు రెండుసార్లు తోమాలి. ఆ గ్లాసు తోమింది నేనే. తొమ్మిదేళ్ళుగా తోముతున్నాను, ఒక్కసారీ ఇదేమిటని అడగలేదు.

నేను బయల్దేరిన రోజు అమ్మ ఆమదాలవలస స్టేషనుకి వచ్చింది. రైలు వైపు నాలుగడుగులు వేశానో లేదో, మా ఆయన వెనకనుంచి “అరుణా! బీరువా తాళాలెక్కడెట్టావు?” అని కేకేశాడు. అమ్మ గబుక్కున అడ్డం తిరిగింది. ఎప్పుడూ అల్లుడి ముందు తలెత్తి మాట్లాడని మనిషి, “ఏటి బాబూ, ఏటకెల్లీ మనిసిని ఎనక్కి పిలస్తావా!” అని అరిచింది. మా ఊళ్ళో సముద్రం మీదికి చేపల వేటకి వెళ్ళేవాళ్ళని వెనక్కి పిలవరు. ఇల్లు అంటుకున్నా పిలవరు. ఒకసారి పడవ ఎక్కాక ఇంటి కబురేదీ చెవిన వెయ్యరు కూడా. మా అత్త కిసుక్కున నవ్వి, “ఏటంట ఏట! రైలెక్కతంటేనీ” అంది. నేను వెనక్కి తిరిగి తాళాలెక్కడున్నాయో చెప్పే రైలెక్కాను. అమ్మ మొహం మాడిపోయింది.

ఇక్కడ వాగులో మా పని ఇదీ. రాత్రి చిన్న చిన్న వలలు కట్టి, పొద్దున్నే తీసి, పడ్డ చేపని కొలిచి, ఆడో మగో రాసుకుని, మళ్ళీ నీళ్ళలో వదిలెయ్యడం. మొదటి వారం అందరూ భూతద్దాలు పట్టుకుని తంటాలు పడుతుంటే నేను పొట్టమీద బొటనవేలు ఆనించి చెప్పేసేదాన్ని. గుడ్డున్న చేప పొట్ట వేలికి తెలుస్తుంది. మాకు నేర్పే డాక్టర్ లిన్ నా వేలివైపు చూసి, ఎక్కడ నేర్చుకున్నావని అడిగింది. “మా అమ్మ దగ్గర. చేపలమ్ముతుంది” అన్నాను. కాలేజీలో ఏడేళ్ళుగా ఎవరితోనూ అనని మాట. అన్నాక ఏమీ కాలేదు. లిన్ తలూపి, మిగతావాళ్ళని పిలిచి, నా దగ్గర నేర్చుకోమంది. ఆ రోజు గుడ్డుతో ఉన్న చేపని వదిలి, అది కనబడకుండా పోయేదాకా చూస్తూ నిలబడ్డాను. పన్నెండయ్యేసరికి గడియారం చూసుకుని టవర్ వైపు పరిగెత్తాను.

ఇన్ని ఫోన్లలో అమ్మ ఫోను ఒక్కటీ లేదు. నేను చేస్తే తియ్యదు. చింతపండు ఎక్కడుందని అత్త అడుగుతుంది, ఇస్త్రీ బట్టలు ఎవరికిచ్చావని ఆయన అడుగుతాడు, కన్నతల్లి మాత్రం ఉన్నావా పోయావా అని అడగదు. కోపమొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది.

ఆరో వారం, ఆదివారం. “ఓ ఓటీపీ వస్తాది, సెప్పు” అన్నాడాయన. వచ్చింది. చదివేశాను, ఆరంకెలూ. ఎందుకని అడగలేదు. ఇన్నేళ్ళలో ఎప్పుడడిగాను గనక?

“సరే అయితే. నీ టికెట్ గురువారానికి మార్చీసాను. వచ్చీ.”

ఇంకా రెండు వారాల పైన ఉందన్నాను, సర్టిఫికెట్ రాదన్నాను, సీటు పోతుందన్నాను. “మా అమ్మకి నడుం పట్టీసింది. వంట మనిషిని ఎట్టుకుంటే నలుగురూ ఏటనుకుంటారు? ఎనిమిది వారాలైతేనేటి, ఆరైతేనేటి, సూడాల్సింది సూసీసావు కదా” అన్నాడు. నన్ను అడక్కుండా ఎలా మార్చావన్నాను.

“అడక్కుండా ఏటి? నువ్వే కదా ఓటీపీ సెప్పావు.”

ఒక్కసారే మార్చుకోగల టికెట్ అది. ఆ ఒక్కసారీ నా నోటితో నేనే ఇచ్చేశాను. అంతలో మా ఏడేళ్ళ అమ్మడు ఫోను లాక్కుంది. “అమ్మా, గురువారం వచ్చేస్తావా? మరిడమ్మమ్మ ఆసుపత్రిలోనే ఉంది. కాలు కదపలేదు. నీకు సెప్పొద్దని ఒట్టెట్టించుకుంది.” వెనకనుంచి ఆయన గొంతు, “ఒసే, ఇలా తే!” ఫోను ఆగిపోయింది.

అమ్మ నంబరుకి పదకొండుసార్లు చేశాక తీసింది. రేవులో గంపతో జారిపడి తుంటి ఎముక విరిగిందట. పద్దెనిమిది రోజులైందట. శుక్రవారం ఆపరేషనట. ఇదంతా చెప్పడానికి ముందు నన్ను తిట్టింది.

“ఎవులే నీకు సెప్పినోలు? ఆల నోరు పడిపోనూ! మీ నాయిన ఏటలో ఉన్నప్పుడు నీ తమ్ముడు పోనాడు. కబురెట్టినానా? ఒడ్డుకొచ్చి, సేప దించి, నీల్లు తాగినాకే సెప్పినాను. ఏటలో ఉన్నోడికి ఇంటి ఊసు సెప్తే సెయ్యి వణుకుతాది. సెయ్యి వణికితే మనిసి తిరిగి రాడు.”

నాన్న ఒడ్డుకొచ్చేదాకా గడిచిన ఆ నాలుగు రోజులు నాకు గుర్తున్నాయి. తమ్ముడు వెంకీని మట్టిలో పెట్టొచ్చి ఒంటరిగా పొయ్యి ముందు కూర్చున్న అమ్మని చూసి రాతి గుండె అనుకున్నాను.

“అది మగాళ్ళకి కదే అమ్మా” అన్నాను ఏడుస్తూ.

“పడవెక్కినోలు ఆడో మగో సముద్రానికి తెలుస్తాదేటి? నువ్వొచ్చి నా ఎముక అతికిస్తావేటి, డాట్రుబాబు లేడూ? ఏసిన వల లాగీసి రా. మరి ఫోన్ సెయ్యకు.”

పెట్టేసింది. టవర్ మీద కూలబడి ఎంతసేపు ఏడ్చానో తెలీదు. ఏది చేసినా తప్పే. వెళితే అమ్మ మాట కాదనాలి, పీహెచ్‌డీ పోతుంది, మళ్ళీ అవే గ్లాసులు. ఉండిపోతే అమ్మ శుక్రవారం నేను లేకుండా మత్తులోకి వెళ్ళాలి. మేలుకుంటుందో లేదో నాకు ఎవరూ చెప్పరు, నేను అడగకూడదు. అమ్మడు గురువారం గేటు దగ్గర నిలబడి ఉంటుంది. తిరిగి వెళ్ళడానికి చేతిలో టికెట్ ఉండదు, వెళ్ళాక ఆ తలుపు తీస్తారో లేదో తెలీదు. నాకు ధైర్యం రాలేదు. ఇప్పటికీ రాలేదు, అబద్ధం చెప్పను.

మూడు రోజులూ టవర్ ఎక్కాను, ఓటీపీలు చెప్పాను. పెట్టె సర్దాను, విప్పాను, మళ్ళీ సర్దాను. గురువారం పొద్దున్న లేచి ఫోను ఆపేసి పెట్టె అడుగున పెట్టి, మోకాలి లోతు నీళ్ళలోకి దిగాను. పైన దారి మీద విమానాశ్రయానికి వెళ్ళే జీపు ఆగింది. డ్రైవర్ నా పేరు పెట్టి పిలిచాడు. లిన్ నా మొహంలోకి చూసింది. నా చేతిలో గుడ్డుతో ఉన్న చేప కొట్టుకుంటోంది, చెయ్యి వణుకుతోంది. వణక్కుండా రెండో చేత్తో గట్టిగా పట్టుకున్నాను. డ్రైవర్ మళ్ళీ పిలిచాడు.

నేను వెనక్కి తిరగలేదు.