వేళ్ళ కింద నాడి

ఆమె కషాయం వడకడుతుంటే గిన్నె గ్లాసుకు తగిలి నాలుగు చుక్కలు పొయ్యిగట్టు మీద పడ్డాయి. "దానిక్కూడా కంగారేనా?" అన్నాడు భర్త, ఫోన్లోంచి తలెత్తకుండా. ఆ కషాయం ఆమె కంగారు తగ్గడానికే. ఆకులు ఏరి, కడిగి, కాచి, వడకట్టి, చివరికి గిన్నె తోముకోవలసిందీ ఆమే. ఎంతకీ తగ్గడం లేదని అత్తగారు ఏదో వేరు తెప్పించారు. దాన్ని దంచే పని కూడా ఆమెకే వచ్చింది.

రక్తపరీక్షల ల్యాబ్‌లో ఆమె టెక్నీషియన్. అయినా మీటింగ్ అంటే టీ ట్రే ఆమె చేతికే వస్తుంది, నవ్వుతూ అందిస్తుంది. సాయంత్రం ఇంటి తలుపు తాళం తీసేలోపే గుండె దడ మొదలవుతుంది. ఎదురుగా పులేమీ లేదు, ఇల్లేగా అని తనను తానే కసురుకునేది. నీకేం తక్కువైందని అత్తగారు అడిగితే నిజంగానే ఆలోచించేది, ఏమీ తట్టేది కాదు, తట్టకపోయేసరికి తప్పంతా తనలోనే ఉందనిపించి, పొద్దున సర్దిన అలమరనే మళ్ళీ సర్దేది.

ఒక సెలవు రోజున భర్త ఆమెను మూలికా వైద్యం చేసే పెద్దావిడ దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆవిడ ఆమె మణికట్టు మీద వేళ్ళు ఆనించి, నిద్ర పడుతోందా అని అడిగింది. భర్త చెప్పాడు. ఆకలి గురించి అడిగితే అదీ అతనే చెప్పాడు. నెలసరి గురించి తడుముకోకుండా చెప్పాడు, తప్పు చెప్పాడు. ఆమె సరిదిద్దలేదు. "అన్నీ ఊరికే ఊహించుకుంటుందండీ," అని నవ్వాడు.

పొడి కట్టించుకు రమ్మని వైద్యురాలు అతన్ని ముందుగదిలోకి పంపింది. తలుపు మూసుకుంది. వైద్యురాలు వేళ్ళు మాత్రం తియ్యలేదు.

"ఆయన మాట్లాడినప్పుడల్లా నీ నాడి పరిగెత్తిందమ్మా. ఇప్పుడు చూడు, నడుస్తోంది," అంది. "భయమేస్తే ఒళ్ళు పారిపోవడానికి సిద్ధమవుతుంది. దాన్ని రోజూ అలాగే పట్టి నిలబెడితే అలిసిపోతుంది. పొడి ఇస్తున్నాను, కాస్త నిద్ర పడుతుంది. అంతకుమించి అదేం చెయ్యలేదు."

ఆమె తన మణికట్టుకేసి చూసుకుంది. ఆయన కొట్టడు, తిట్టడు. మరి? ఇన్నాళ్ళూ ఆ 'మరి' దగ్గరే ఆగిపోయేది. ఇవాళ దాని వెనకనుంచి మాటలు ఒక్కొక్కటే కదిలి గొంతు దాకా వచ్చాయి.

భర్త పొట్లంతో తిరిగొచ్చాడు. "అయిపోయిందిగా, పద. అమ్మ ఎదురుచూస్తుంటుంది."

ఆమె గుండె దడదడలాడింది. అయినా కుర్చీలోంచి లేవలేదు.

"మీరెళ్ళండి," అంది. "నేనింకా మొదలే పెట్టలేదు."