కింద పెట్టిన ఫింజాన్

ఎల్లన్న పీటను టూరు వ్యాను తలుపు కింద పెట్టి, కాలితో ఒకసారి అదిమి చూశాడు. కుడివైపు కోడు ఊగింది. వంగి, ఎండిన ఈతమట్ట ముక్క ఒకటి ఏరి కోడు కింద దోపి, మళ్ళీ అదిమాడు. ఈసారి కదల్లేదు. అప్పుడు పక్కకు జరిగి నిలబడి, "ఆరామ్‌గ దిగుండ్రి" అన్నాడు.

ముందు పోర్చుగల్ దంపతులు దిగారు. ఆయన సౌదీలోని జుబైల్లో కాంట్రాక్టు మీద వచ్చిన ఇంజనీరు. ఆమె మోకాలికి పట్టీ ఉంది. ఆ తర్వాత ఫిలిప్పీన్స్ నర్సులు ముగ్గురు, వాళ్ళ వెనక హరనాథ్, కూతురు రిషిత. చివర హరనాథ్ భార్య బాలామణి అబాయా అంచులు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని పీట మీద కాలు మోపింది. మోపి, దిగకుండా కిందికి చూసింది.

"ఈ పీట మీరే చేశారా ఎల్లన్నగారూ?"

"నేనే మేడమ్. పదకొండేండ్లాయె."

"మేకుల తలలు లోపలికి కొట్టారే!"

"బట్టలు తగులుకుంటయి గద మేడమ్. ఒకనాడు ఒక ముసలామె బురఖా షినిగింది."

సామాను పెట్టెల చెక్కలతో చేసిన పీట అది. పైన నల్లటి రబ్బరు ముక్క. ఏదో ఫ్యాక్టరీలో అరిగి పారేసిన పట్టీ నుంచి కోసుకొచ్చాడు. ప్రతి మజిలీలోనూ అందరికంటే ముందు దిగేది పీట, అందరూ ఎక్కాక ఎక్కేదీ పీటే. దాన్ని తీసి సీటు వెనక పెట్టుకున్నాడంటే, మనుషులను మళ్ళీ లెక్కపెట్టనక్కర్లేదు.

తారూత్ దీవిలోని కోట ముందు హుసేన్ అప్పటికే మాటలు మొదలుపెట్టాడు. నలభై దాటిన మనిషి, ఈ ఊరివాడే. గైడు లైసెన్సు చేతికొచ్చి రెండు నెలలైంది. రేపటి నుంచి వ్యాను నడిపేదీ అతనే. ఈ రోజు ఎల్లన్న పక్కన కూర్చుని దారులు చూసుకోవాలని ఆఫీసువాళ్ళు చెప్పారు.

మట్టిరంగు బురుజులు మూడు నిలిచి ఉన్నాయి, నాలుగోది ఏనాడో కూలిపోయింది. పోర్చుగీసువాళ్ళు కట్టారంటారు, వాళ్ళు రాకముందే ఉందని కూడా అంటారు. కోట కింద ఊట ఉండేది, ఎండిపోయింది. ఎల్లన్నకు ఈ మాటలన్నీ వరసతో సహా తెలుసు. ఏ మాట దగ్గర జనం ఫోన్లు పైకెత్తుతారో కూడా తెలుసు.

పోర్చుగల్ ఆయన గోడను చాలాసేపు చూశాడు. "మావాళ్ళు ఎన్నాళ్ళున్నారు ఇక్కడ?" అని ఇంగ్లీషులో అడిగాడు.

"కొన్ని పదుల ఏళ్ళు. తర్వాత వెళ్ళిపోయారు," అన్నాడు హుసేన్.

"వాళ్ళక్కూడా ఎగ్జిట్ కొట్టేసుంటార్లే," అన్నాడు హరనాథ్ భార్యతో తెలుగులో. తర్వాత ఎల్లన్న వైపు తిరిగి, "అంతేగా ఎల్లన్నా?" అని నవ్వాడు.

ఎల్లన్న కూడా నవ్వాడు. "అంతే సార్. మొన్న నాక్కూడ కొట్టిండ్రు."

హరనాథ్ నవ్వు ఆగిపోయింది. "అయ్యో, తెలియక అన్నానయ్యా. మాదీ అదే గొడవలే. ఫ్యామిలీలో తలకింతని నెలనెలా లెవీ పెట్టారుగా. వచ్చే నెల వీళ్ళిద్దర్నీ పంపించేస్తున్నాను. తొమ్మిదేళ్ళుండి ఒక్క ఊరూ చూపించలేదని మీ మేడమ్ సాధిస్తుంటే, ఇవాళ తీసుకొచ్చా."

"సాధించానా? మీరే టూరు కాయితంలో 'టేస్టింగ్' అన్న మాట చూసి పరిగెత్తుకొచ్చారు," అంది బాలామణి.

మడ అడవుల దగ్గర గంటసేపు ఆగారు. ఆటు వచ్చి నీళ్ళు వెనక్కి తగ్గాయి. బురదలో ఫ్లెమింగోలు ఒంటికాలి మీద నిలబడి ఉన్నాయి. అందరూ నీటి అంచుకు వెళ్ళినా ఎల్లన్న వ్యాను దగ్గరే ఉండి పీట కోళ్ళకు అంటిన బురద గుడ్డతో తుడిచాడు. జేబులో ఫోను తీసి చూసుకుని మళ్ళీ పెట్టేశాడు. తోట నుంచి ఏ కబురూ లేదు.

ఆఫీసులో కాయితాలు చూసే సాయికుమార్ బుధవారం పిలిచి చెప్పాడు. "నితాఖాత్‌లో మన కంపెనీ రెడ్‌లో పడింది ఎల్లన్నా. ఇంతమంది సౌదీలను పెట్టుకోవాలన్న రూలుకు మన దగ్గర సరిపడా లేరు. డ్రైవర్ పోస్ట్ కూడా వాళ్ళకే ఇవ్వాలి. నీ ఎగ్జిట్ ఇష్యూ అయింది. సోమవారం ఫ్లైట్. ఆదివారంలోగా ఎవరైనా కఫీల్ నిన్ను తీసుకుంటా అని లెటర్ ఇస్తే పట్రా, క్యాన్సిల్ చేయిస్తా."

ఈ రోజు శనివారం. ఎల్లన్నను తన పేరు మీదికి మార్చుకుని పనిలో పెట్టుకోగల మనిషి ఒక్కడే ఉన్నాడు. ఖతీఫ్‌లో ఖర్జూరపు తోట ఉన్న అబూ మహ్దీ. పన్నెండేళ్ళుగా వ్యాను ఆఖరి మజిలీ ఆ తోటలోనే. సెలవు రోజుల్లో ఎల్లన్న అక్కడికి వెళ్ళి కాలువ గట్లు ఎత్తి, పిలకలు నాటి వచ్చేవాడు. నాలుగు నెలల కిందట ముసలాయన తనంతట తానే అన్నాడు, "వీళ్ళు నిన్ను వదిలేస్తే నేను ఉంచుకుంటాను." ఆ మాట తర్వాత ఆయన మళ్ళీ ఎత్తలేదు. ఎల్లన్నకు ఫోనులో అడగడానికి నోరు రాలేదు.

ఇంటికి మాత్రం ఫోను చేశాడు. భార్య ముత్యవ్వ బీడీలు చుడుతూనే మాట్లాడింది. కత్తెర చప్పుడు వినిపిస్తూ ఉంది.

"వస్తె రా. గని ముందుగాల చెప్పి రా. ఇంట్ల నీకు మంచం లేదు. ఉన్నదాని మీద తునికాకు కట్టలు పెట్టిన."

"గట్లనా? కింద పండుకుంట తియ్యి."

"మోకాళ్ళు నొస్తయని మొన్ననే అంటివి గద. ఇంకొక మంచం అల్లిస్త తియ్యి," అని ఆమె నవ్వింది. అతనూ నవ్వాడు. ఫోను పెట్టేశాక ఆ మంచం ఎక్కడ వేస్తారో ఆలోచించాడు. ముందుగదిలో కుట్టుమిషను ఉంది. వెనకగదిలో కొడుకూ కోడలూ ఉంటారు. ఇరవై నాలుగేళ్ళలో, పన్నెండేళ్ళు పడమటి తీరాన యాన్బులో, పన్నెండేళ్ళు ఈ వైపున పనిచేస్తూ, పన్నెండుసార్లు ఇంటికి వెళ్ళాడు. వెళ్ళిన ప్రతిసారీ చుట్టాలకు తీసే స్టీలు గ్లాసులోనే నీళ్ళిచ్చారు.

తోటకు చేరేసరికి మూడు దాటింది. చెట్ల నీడలో చాపలు పరిచి ఉన్నాయి. పళ్ళేల్లో ఖునైజీ, ఖలాస్ ఖర్జూరాలు, చిన్న గాజు గ్లాసుల్లో ఖర్జూరపు పాకం. లేతదీ ముదురుదీ ఒక్కొక్కటే నాలుక మీద వేసుకుని తేడా చెప్పాలి. కంపెనీ కాయితంలో టేస్టింగ్ అని రాసింది దీన్నే.

హరనాథ్ గ్లాసు ఎత్తి వెలుతురుకు పట్టి చూశాడు. "రంగు అదే. వాసనే వేరు."

"నాన్నా, వాళ్ళ ఊళ్ళో వైన్ ఇలాగే చూస్తారని ఆ పోర్చుగల్ అంకుల్ అంటున్నారు," అంది రిషిత.

"చూడ్డం వరకూ ఆయనా నేనూ ఒకటేలే."

అబూ మహ్దీ దిండుకు ఆనుకుని కూర్చున్నాడు. ఎనభై దగ్గరి మనిషి, ఎడమకన్ను మసక. ఎల్లన్న ఎప్పటిలా దల్లా అనే ఇత్తడి కాఫీకూజా ఎడమచేత పట్టుకుని, కుడిచేత్తో ఫింజాన్లు అందించాడు. పిడి లేని ఆ చిన్న కప్పుల్లో పావువంతే పోయాలి. నిండుగా పోస్తే, తాగి వెళ్ళిపొమ్మన్నట్టు. హుసేన్ అది చెప్పాక, కప్పును ఊపితే ఇక చాలని అర్థమని ఊపి చూపించాడు. ఆపైన తన కప్పు తాగకుండా చాప మీద పెట్టాడు.

"అతిథి ఇలా పెట్టాడంటే, అడగవలసింది ఏదో ఉందని. అప్పుడు ఇంటాయన, 'తాగు, నీ పని అయినట్టే' అనాలి. ఆ మాట అనేదాకా అతిథి కప్పు ముట్టడు. తన ఇంట్లో కాఫీ తాగకుండా మనిషి లేచిపోతే ఇంటాయనకు తలవంపు."

నర్సులు ముగ్గురూ కప్పులు కింద పెట్టి, "జీతం పెంచండి," అని నవ్వారు. అబూ మహ్దీ కూడా నవ్వి, "తాగండి, మీ పని అయినట్టే," అన్నాడు. ఆ ఆట ప్రతి వారమూ ఉండేదే.

అందరూ కాలువ చూడడానికి లేచారు. బాలామణి మాత్రం చాప చివర కూర్చుని చెప్పు పట్టీ సరిచేసుకుంటోంది. అబూ మహ్దీ దల్లాకు చెయ్యి చాచాడు. "పన్నెండేళ్ళుగా నువ్వే పోస్తున్నావు. కూర్చో," అని ఎల్లన్నకు తన చేత్తో పోసి ఇచ్చాడు.

ఎల్లన్న చాప మీద మఠం వేసి కూర్చున్నాడు. ఆ చాప మీద అతను కూర్చోవడం అదే మొదలు. ఫింజాన్ రెండు చేతులతో అందుకున్నాడు. ఏలకుల వాసన ముఖానికి తగిలింది. దాన్ని నోటిదాకా తేలేదు, మెల్లగా తన ముందు కింద పెట్టాడు.

ముసలాయన కప్పును చూశాడు. తర్వాత ఎల్లన్న చేతులను చూశాడు. అవి మోకాళ్ళ మీద ఉన్నాయి.

"తాగు," అన్నాడు అబూ మహ్దీ.

ఎల్లన్న మిగతా మాట కోసం ఎదురుచూశాడు. కాలువ దగ్గర రిషిత ఏదో చూసి అరిచింది. ఎవరో నవ్వారు. ముసలాయన గడ్డం కింద నరం కొట్టుకుంటోంది. పెదవులు ఒకసారి కదిలి ఆగాయి.

"నా కాయితాలు కూడా ఎరుపే," అన్నాడాయన చివరికి. "మూడుసార్లు ఆఫీసుకు వెళ్ళాను. ఉన్న ఇద్దరు పనివాళ్ళలో ఒకణ్ణి నేనే పంపేయాలి. ఆ మాట నీకు చెప్పలేక ఫోను చేయలేదు."

ఎల్లన్న తల ఊపాడు. కప్పు వైపు చెయ్యి వెళ్ళలేదు. మొండితనం కాదు, చెయ్యి రాలేదు, అంతే. కాఫీ మీద సన్నటి మీగడలాంటిది తేలింది.

అప్పుడు అబూ మహ్దీ ఇంకో ఫింజాన్ తీసి కొద్దిగా పోసుకున్నాడు. దాన్ని ఎల్లన్న ముందుకు జరిపి, అతని కప్పు పక్కనే కింద పెట్టాడు. తాగకుండా తలవంచుకుని కూర్చున్నాడు.

రెండు కప్పులూ పక్కపక్కన ఉన్నాయి. చాప చివర బాలామణి పట్టీ మీద చెయ్యి అలాగే ఉంచి, కదలకుండా చూస్తోంది.

ఎల్లన్న ఆయన వైపు వంగాడు. పన్నెండేళ్ళుగా విన్న అరబ్బీ మాట అది, తన నోటితో ఎన్నడూ అనలేదు.

"తాగు బాబా," అన్నాడు. "నీ పని అయినట్టే."

తన ఫింజాన్ ఎత్తి, చల్లారిన కాఫీ ఒక్క గుక్కలో తాగాడు. ముసలాయన తాగేదాకా ఆగి, కప్పును రెండుసార్లు అటూ ఇటూ ఊపి తిరిగి ఇచ్చాడు.

పొద్దు వాలే వేళకు అల్ ఖోబర్‌లో బయల్దేరిన చోటే, సూపర్ మార్కెట్ ముందు, వ్యాను ఆగింది. ఎల్లన్న దిగి పీట పెట్టాడు, కాలితో అదిమి చూశాడు. పోర్చుగల్ ఆమె దిగుతూ అతని భుజం మీద చెయ్యి ఆన్చుకుంది. నర్సులు చేతులూపారు. చివర బాలామణి దిగింది.

"సోమవారమా ఎల్లన్నగారూ?"

"అవు మేడమ్."

"ఇంట్లో వాళ్ళు సంతోషిస్తారు."

"మంచం అల్లిస్తున్నరంట మేడమ్," అన్నాడు.

ఆమె "వెళ్ళొస్తామండీ," అంది. హరనాథ్ అతని చెయ్యి రెండు చేతులతో పట్టుకుని వదిలాడు.

హుసేన్ డ్రైవరు సీట్లోకి మారాడు. రూము దగ్గర దింపుతానన్నాడు. దగ్గరే, నడుస్తానని ఎల్లన్న తాళంచెవి అందించాడు. బ్రేకు ఉదయంపూట గట్టిగా పట్టుకుంటుందనీ, వెనక కిటికీ పైకి ఎత్తాక ఒకసారి తట్టాలనీ చెప్పాడు. ఇంకేదో చెప్పవలసింది ఉన్నట్టనిపించింది. గుర్తు రాలేదు. సీటు వెనక నుంచి తన సంచీ తీసుకుని రోడ్డు దాటి సందులోకి తిరిగాడు.

హుసేన్ మనుషులను రెండుసార్లు లెక్క చూసుకున్నాడు. అందరూ దిగిపోయారు. లోపలి నుంచే మీట నొక్కి తలుపు మూశాడు.

వ్యాను వెళ్ళిపోయాక, తలుపు ఉన్నచోట పీట అలాగే ఉంది. మేకుల తలలు లోపలికి కొట్టిన రబ్బరు మీద, తోట ఇసుకతో పడిన సగం అరికాలి ముద్ర ఒకటి ఉంది.